ఇంటిపై యాంటెన్నా, ఎదురుగా కొండ: సరిహద్దు జిల్లాల్లో టీవీ బొమ్మ ఎందుకు నిలవదు?

సంక్షిప్తంగా: పాతకాలపు కడ్డీల యాంటెన్నా ఎంత మంచిది కొన్నా ఒడిశా సరిహద్దు జిల్లాల్లో దానికి పట్టే ప్రసారాలు ఇప్పుడు దాదాపుగా లేవు. దూరదర్శన్ అనలాగ్ ట్రాన్స్‌మిటర్లలో చాలా మటుకు 2022 మార్చి నాటికి మూసివేత జాబితాలో చేరిపోయాయి. ఉపగ్రహం నుంచి వచ్చే సిగ్నల్‌కు కొండలు అడ్డు రావు. డిష్ ఉండి కూడా బొమ్మ చెడుతుంటే చూడాల్సినవి డిష్‌ను నిలబెట్టే గొట్టం బిగింపు, వైరు అతుకులు, డిష్ సైజు, సెట్‌టాప్ బాక్స్ రకం, ఎంచుకున్న ప్యాకేజీ.

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, బరంపురం పట్టణాల్లోని తెలుగు ఇళ్ళలో ఈ మధ్య ఒక ప్రశ్న తరచుగా వినిపిస్తోంది. మంచి యాంటెన్నా ఒకటి కొని డాబా మీద పెడితే ఆంధ్రా వైపు చానళ్ళు డబ్బు కట్టకుండా వస్తాయా? ఈ ఆశకు కారణం చాలావరకు ఇంటర్నెట్ వీడియోలే. అమెరికాలో ఒకాయన డాబా మీద యాంటెన్నా బిగించి, పదుల కొద్దీ చానళ్ళను అద్దంలాంటి బొమ్మతో చూపిస్తాడు. అది అబద్ధమేమీ కాదు. అక్కడ ప్రైవేటు స్టేషన్లు కూడా నేల మీది టవర్ల నుంచే డిజిటల్ ప్రసారాలు చేస్తాయి, వాటిని ఎవరైనా ఉచితంగా పట్టుకోవచ్చు. మన దేశంలో నేల టవర్ల నుంచి టీవీ ప్రసారం చేసే అధికారం మొదటి నుంచీ దూరదర్శన్‌కే ఉంది. ప్రైవేటు తెలుగు చానల్ ఏదీ ఏనాడూ టవర్ నుంచి రాలేదు. అవన్నీ ఉపగ్రహం మీదుగా కేబుల్ ఆపరేటరుకో, డీటీహెచ్ డిష్‌కో చేరేవే. అక్కడి పరికరాన్ని ఇక్కడికి తెచ్చుకోవచ్చు గాని అక్కడి ప్రసారాలను తెచ్చుకోలేం.

ఆ యాంటెన్నాల పెట్టెల మీద వందల మైళ్ళ దూరం నుంచి పడుతుందని రాసి ఉంటుంది. ఆ అంకెను నమ్మవచ్చో లేదో తేల్చుకోవాలంటే ముందు టీవీ తరంగం ఎలా ప్రయాణిస్తుందో చూడాలి.

గెడ తిప్పిన కాలం

భారతదేశంలో టీవీ 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగంగా మొదలైంది. ఒడిశా, ఆంధ్ర పల్లెలకు మొదట చేరింది మాత్రం టవర్ నుంచి కాదు. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు సైట్ (ఉపగ్రహం ద్వారా బోధన టీవీ) ప్రయోగం జరిగింది. అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు కార్యక్రమాలు అందాయి. ఆ ఆరింటిలో ఒడిశా, ఆంధ్రప్రదేశ్ రెండూ ఉన్నాయి. హైదరాబాదు కేంద్రం 1977లో మొదలైంది. 1982 ఆసియా క్రీడలతో రంగుల ప్రసారాలు వచ్చాయి. ఆ తర్వాత రెండు మూడేళ్ళలో చిన్న పట్టణాల్లో సైతం తక్కువ శక్తి ట్రాన్స్‌మిటర్లు వెలిశాయి. వాటి పరిధి పదిహేను, ఇరవై, మహా అయితే పాతిక కిలోమీటర్లు.

ఇంటి కప్పు మీద చేపముల్లులా కనిపించే అల్యూమినియం కడ్డీలు ఆ కాలానివే. జపాన్ ఇంజనీర్లు ఉడా, యాగి 1926లో రూపొందించిన అమరిక అది. వెనక కాస్త పొడుగు కడ్డీ తరంగాన్ని తిప్పికొడుతుంది. మడత కడ్డీ తరంగాన్ని పట్టి వైరులోకి పంపుతుంది. ముందున్న పొట్టి కడ్డీలు తరంగాన్ని దానివైపు మళ్ళిస్తాయి. మడత కడ్డీ పొడవు తరంగదైర్ఘ్యంలో సుమారు సగం ఉండాలి. నాలుగో చానల్ 62 మెగాహెర్ట్జ్ దగ్గర ఉండేది కనుక దానికి దాదాపు 2.4 మీటర్ల కడ్డీ అవసరమయ్యేది. ఏడో చానల్‌కు 80 సెంటీమీటర్ల లోపు సరిపోయేది. 500 మెగాహెర్ట్జ్ దగ్గరి యూహెచ్ఎఫ్ (పొట్టి తరంగాల) ప్రసారానికి 30 సెంటీమీటర్లు చాలు. ఈ కొలతలు తెలిస్తే అంగట్లో యాంటెన్నాను చూపుతోనే అంచనా కట్టవచ్చు. కాగితంలా పల్చగా, జానెడు ఉండే యాంటెన్నా అన్ని చానళ్ళకూ పనికొస్తుందంటే అది జరిగే పని కాదు.

ఒకరు డాబా మీద గెడ తిప్పుతుంటే, మరొకరు వాకిట్లో నిలబడి లోపలివాళ్ళ మాట పైకి చేరవేయడం, "వచ్చింది వచ్చింది, అక్కడే ఉంచు" అని కేక వేయడం ఆ తరానికి గుర్తే. ఆ కేకకు శాస్త్రం తోడుంది. ఇలాంటి యాంటెన్నా ఒక దిక్కునే బాగా వింటుంది. సరిహద్దులో ఉన్న ఇంటికి రెండు దిక్కులు కావాలి: ఒడియా ప్రసారానికి ఒకటి, తెలుగు ప్రసారానికి మరొకటి. అందుకే గెడ అస్తమానం తిరుగుతుండేది.

ఎత్తు పెంచితే ఎంత లాభం?

టీవీ తరంగాలు దాదాపు చూపు వెళ్ళినంత దూరమే వెళ్తాయి. గాలిలో కొంచెం వంగుతాయి గనుక చూపు కంటే కాస్త ఎక్కువ. లెక్క తేలికే: టవర్ ఎత్తు, ఇంటి యాంటెన్నా ఎత్తు మీటర్లలో తీసుకుని, రెండింటి వర్గమూలాలను కలిపి 4.12తో గుణిస్తే కిలోమీటర్లలో పరిధి వస్తుంది. 100 మీటర్ల టవర్, 9 మీటర్ల ఎత్తున యాంటెన్నా ఉంటే చదును నేల మీద సుమారు 53 కిలోమీటర్లు. ఖర్చు పెట్టి ఇంటి గెడను 16 మీటర్లకు లేపితే అది 57 అవుతుంది, అంతే. పెరిగింది నాలుగు కిలోమీటర్లు. అదే టవర్‌ను 400 మీటర్ల ఎత్తుకు చేరిస్తే పరిధి ఒక్కసారిగా 90 దాటుతుంది. దూరాన్ని శాసించేది ప్రసారం చేసేవాడి ఎత్తు. చూసేవాడి చేతిలో ఉన్నది తక్కువ.

ఈ లెక్క చదును నేలకు. గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాలు తూర్పు కనుమల నడుమ ఉన్నాయి. గజపతిలో మహేంద్రగిరి 1,501 మీటర్లు, కోరాపుట్‌లో దేవమాలి 1,672 మీటర్లు. కొండ వెనక పడిన ఇంటికి తరంగం కొండ శిఖరం మీద వంగి కిందికి రావాలి. శిఖరం చూపు గీతను ఒరుసుకుంటూ ఉంటేనే 6 డెసిబెల్స్ పోతాయి, అంటే శక్తిలో నాలుగో వంతు మిగులుతుంది. ఇల్లు కొండ నీడలోకి లోతుగా వెళ్ళినకొద్దీ నష్టం 20 డెసిబెల్స్, అంతకు మించి కూడా అవుతుంది. 20 అంటే నూరో వంతు. దీనికి బదులుగా యాంటెన్నాను రెట్టింపు పొడుగు చేస్తే తిరిగి దొరికేది ఎక్కువలో ఎక్కువ 3 డెసిబెల్స్. నూరు రూపాయలు పోయినచోట రెండు రూపాయలు దొరికినట్టు.

సిగ్నల్‌ను పెంచే బూస్టర్ సంగతీ ఇంతే. అది వచ్చిన సిగ్నల్‌తో పాటు రొదనూ సమానంగా పెంచుతుంది, దానికి తన సొంత రొద కొంత కలుపుతుంది. పొడుగు వైరులో జరిగే నష్టాన్ని పూడ్చడానికి యాంటెన్నా దగ్గరే పెడితే ఉపయోగం ఉంది. రాని సిగ్నల్‌ను అది పుట్టించలేదు.

కొండలు ఇంకో తంటా కూడా పెట్టేవి. ఒకే ప్రసారం నేరుగా ఒకసారి, ఎదుటి కొండకు తగిలి మరొకసారి వచ్చేది. ఆలస్యంగా వచ్చిన రెండో తరంగం తెరమీద మనిషి పక్కన మరో నీడ మనిషిని నిలబెట్టేది. ఈ నీడలకు బూస్టర్ మందు కాదు. ఒకే దిక్కు వినే మంచి యాంటెన్నా మాత్రం పనికొచ్చేది. పాత రోజుల్లో మెరుగైన యాంటెన్నా నిజంగా ఆదుకున్న సందర్భం ఇదొకటి.

ఊళ్ళ మధ్య తేడాలు కూడా ఇక్కడే అర్థమవుతాయి. పర్లాకిమిడికి పాతపట్నం పక్కనే ఉంది, ఆంధ్రా వైపు సిగ్నల్‌కు దూరం పెద్ద అడ్డు కాదు. గుణుపురం వంశధార లోయలో ఉంది. నది సాగే దిక్కున లోయ తెరిచి ఉంటుంది, మిగతా దిక్కుల కొండలు మూసేస్తాయి. మహారాష్ట్ర కొసన సిరొంచ పరిస్థితి వేరు. కాళేశ్వరానికి ఎదురుగా, నది ఒడ్డున చదునుగా ఉండటంతో అక్కడ కొండ కంటే దూరమే సమస్య.

వేసవిలో కొన్ని రాత్రులు ఎక్కడిదో దూరపు స్టేషన్ హఠాత్తుగా కనిపించి మాయమయ్యేదని తీర ప్రాంతాల పాతవాళ్ళు చెబుతారు. అందులో వింత లేదు. సముద్రం మీద చల్లటి గాలి పొర పైన వేడి పొర నిలిచినప్పుడు తరంగం వాటి మధ్య గొట్టంలో నడిచినట్టు వందల కిలోమీటర్లు పోతుంది. తమిళ తీరంలో శ్రీలంక రూపవాహిని చూసిన అనుభవం ఇలాంటిదే. వాతావరణం దయతలిస్తేనే కనిపించే బొమ్మ అది. దాని ఆధారంగా యాంటెన్నా కొనడం సరికాదు.

ట్రాన్స్‌మిటర్లు ఆగాయి

ఇంతవరకు చెప్పిందంతా సిగ్నల్ ఉందనుకుంటే. అసలు మార్పు అక్కడే జరిగింది. దూరదర్శన్‌ను నడిపే ప్రసారభారతి అనలాగ్ ట్రాన్స్‌మిటర్లను దశలవారీగా మూసివేసింది. వ్యూహాత్మక ప్రాంతాల్లో ఉన్న సుమారు 50 తప్ప మిగిలినవన్నీ 2022 మార్చి 31 నాటికి నిలిపివేయాలని నిర్ణయించింది. పాతబడిన సాంకేతికత, నడిపే ఖర్చు, తగ్గిన ప్రేక్షకులు, ఇతర అవసరాలకు కావలసిన తరంగాలు అందుకు కారణాలు.

డిజిటల్ టవర్ ప్రసారం పూర్తిగా లేకపోలేదు. 2016 ఫిబ్రవరిలో దూరదర్శన్ 16 నగరాల్లో డీవీబీ-టీ2 పద్ధతిలో దాన్ని ప్రకటించింది. ఒడిశా నుంచి ఆ జాబితాలో ఉన్నది కటక్ ఒక్కటే. హైదరాబాదు లేదు. కటక్ నుంచి బరంపురం గాలి దారిన 170 కిలోమీటర్లు. పై లెక్క ప్రకారం ఏ డాబా గెడకూ అది అందదు. ఆ జాబితాలోని ఔరంగాబాదు, రాయపూర్ సిరొంచకు మరీ దూరం. పైగా డిజిటల్ సిగ్నల్‌కు మధ్యస్థం ఉండదు. అనలాగ్‌లో సిగ్నల్ తగ్గేకొద్దీ చుక్కలు పెరిగేవి, అయినా వార్తలు వినబడేవి. డిజిటల్‌లో ఒక గీత వరకు బొమ్మ శుభ్రంగా ఉండి, గీత దాటగానే ముక్కలై, ఆగిపోతుంది.

నెత్తిమీద నుంచి వచ్చే సిగ్నల్

దూరదర్శన్ ఉచిత డీటీహెచ్ సేవ 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్ పేరుతో మొదలైంది. ఇప్పుడది డీడీ ఫ్రీ డిష్. నెలవారీ చందా లేదు. డిష్, బాక్స్, వైరు ఒకసారి కొంటే చాలు. ఇది జీశాట్-15 ఉపగ్రహం నుంచి వస్తుంది. ఆ ఉపగ్రహం భూమధ్యరేఖ పైన, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర నిలిచి ఉంటుంది.

సరిహద్దు కొండ జిల్లాలకు ఇందులో ఉన్న మేలు కోణంలో ఉంది. బరంపురం నుంచి చూస్తే ఆ ఉపగ్రహం సుమారు 65 డిగ్రీల ఎత్తున, దక్షిణం నుంచి తూర్పుకు 25 డిగ్రీలు జరిగి ఉంటుంది. రాయగడలోనూ ఎత్తు దాదాపు అంతే, దిక్కు 28 డిగ్రీలు. సిరొంచ పడమరగా ఉంది కాబట్టి అక్కడ తూర్పుకు 37 డిగ్రీలు తిరగాలి, ఎత్తు 63. టవర్ సిగ్నల్ నేలను ఒరుసుకుంటూ వస్తుంది, ఇది దాదాపు నడినెత్తి నుంచి దిగుతుంది. మహేంద్రగిరి పాదాన ఉన్న ఇంటికైనా కొండ అంత ఎత్తుగా కనబడదు. అడ్డొచ్చేది పక్కింటి మేడో, పెరటి కొబ్బరిచెట్టో. అక్కడా లెక్క సులువే. చెట్టు డిష్ కంటే 10 మీటర్లు ఎత్తుంటే, దాని కొమ్మల అంచు ఆ దిక్కున అయిదు మీటర్లకు పైగా ఎడంగా ఉండాలి. చెట్టు పెరుగుతుందని గుర్తుంచుకుని కాస్త ఎక్కువే వదలడం మంచిది.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటి ఉంది. ఇళ్ళ మీద కనిపించే డిష్‌లు ఆఫ్‌సెట్ రకం. వాటి ముఖం చూస్తే ఉపగ్రహానికి బాగా కింద చూస్తున్నట్టు ఉంటుంది గాని, అసలు చూపు దానికి 25 డిగ్రీల దాకా పైన ఉంటుంది. డిష్ చూసే చోట కొండ కనిపిస్తోందని డిష్ చోటు మార్చి పెట్టే పని లేదు. అలాగే ఒక్కో కంపెనీది ఒక్కో ఉపగ్రహం కనుక, పక్కింటి డిష్ ఎటు ఉంటే మనదీ అటే తిప్పడం సరికాదు.

డిష్ ఉన్నా బొమ్మ చెడితే

60 సెంటీమీటర్ల డిష్ ఆకాశంలో మూడు డిగ్రీల వెడల్పు గల చోటునే చూస్తుంది. గురి ఒకటిన్నర డిగ్రీ తప్పితే సగం శక్తి పోతుంది. డిష్ అంచు దగ్గర అది ఒక సెంటీమీటరు లోపు కదలిక. 2013 అక్టోబరులో ఫైలిన్ గోపాలపురం దగ్గర, 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటాయి. అంతటి తుఫానులు అక్కర్లేదు, మామూలు ఈదురుగాలికే వదులు గొట్టం ఆ మాత్రం కదులుతుంది. అందుకే "ఎండలో బాగుంటుంది, గాలొస్తే పోతుంది" అనే ఫిర్యాదుకు మొదటి మందు బోల్టులు బిగించడం, గొట్టం నిట్టనిలువుగా ఉందో లేదో చూడటం. గొట్టం వంకరగా ఉంటే దిక్కు, ఎత్తు విడివిడిగా సరిచేయడం కుదరదు, ఒకటి తిప్పితే రెండోదీ మారుతుంది.

తర్వాత వైరు. డిష్ చేతి కొసన ఉండి సిగ్నల్ పట్టే ఎల్‌ఎన్‌బీకి కరెంటు అదే వైరులో పైకి వెళ్తుంది: ఒక రకం చానళ్ళకు 13 వోల్టులు, ఇంకో రకానికి 18. అతుకులు తుప్పు పట్టినా, వైరు నాసిరకమైనా పైకి చేరే వోల్టేజీ తగ్గి, ఎల్‌ఎన్‌బీ 18ని 13గా పొరబడవచ్చు. అప్పుడు కొన్ని చానళ్ళు చక్కగా వస్తూ, మిగిలినవి అసలు రావు. ఇలా విడివిడిగా పోవడం కనిపిస్తే డిష్‌ను కదపకముందే వైరు అతుకులు విప్పి చూడాలి. మంచి ఆర్‌జీ-6 వైరులోనూ వంద మీటర్లకు 20 నుంచి 30 డెసిబెల్స్ పోతాయి. ఇంటికి ఇరవై మీటర్లు చాలు గనుక అది సమస్య కాదు. అసలు ఇబ్బంది మధ్యలో మెలిపెట్టి టేపు చుట్టిన జాయింట్లతో. వానాకాలంలో ఆ టేపులోంచి నీరు వైరు లోపలి అల్లికలోకి పాకుతుంది. ఎల్‌ఎన్‌బీ దగ్గర వైరును కాస్త కిందికి వేలాడేలా చుట్టి బిగిస్తే నీరు అక్కడే కారిపోతుంది.

వాన విషయంలో మాత్రం పూర్తి పరిష్కారం లేదు. ఈ ప్రసారాల తరంగదైర్ఘ్యం రెండున్నర సెంటీమీటర్ల దాపున ఉంటుంది. కుండపోతలో పెద్ద చినుకులు ఆ తరంగాన్ని పీల్చుకుంటాయి, చెదరగొడతాయి. వట్టి మబ్బు పెద్దగా ఏమీ చేయదు. 60 బదులు 90 సెంటీమీటర్ల డిష్ పెడితే వైశాల్యం 2.25 రెట్లు, అంటే 3.5 డెసిబెల్స్ లాభం. జడివానలో పావుగంట పోయే బొమ్మ అయిదు నిమిషాలే పోవచ్చు, చిన్న వానకు అసలు పోకపోవచ్చు. పైన ఆవిరైన పాత యాంటెన్నా ఆశకు ఇవాళ సరైన రూపం ఇదే: డబ్బు పెట్టాలనుకుంటే పెద్ద డిష్, గట్టి గొట్టం, కొత్త వైరు మీద పెట్టాలి. అయితే పెద్ద డిష్ గాలికి ఎక్కువ ఊగుతుంది, దాని చూపు కూడా రెండు డిగ్రీలకు ఇరుకవుతుంది. బిగింపు అంత పటిష్ఠంగా లేకపోతే పెద్ద డిష్ నష్టమే చేస్తుంది. గొట్టానికి ఎర్త్ వేయడం, కరెంటు తీగలకు ఎడంగా ఉంచడం రెండు సైజులకూ తప్పనిసరి.

మార్చి మొదటి పక్షంలోనూ, అక్టోబరు ఆరంభంలోనూ కొన్ని రోజులు ఉదయం పదకొండు గంటల ప్రాంతంలో కాసేపు బొమ్మ పోతే మెకానిక్‌ను పిలవనక్కర్లేదు. ఆ సమయంలో సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వస్తాడు, అతని రొదలో సిగ్నల్ మునిగిపోతుంది. నాలుగైదు రోజుల్లో అదే సర్దుకుంటుంది.

సిగ్నల్ ఉంది, చానల్ లేదు

ఉపగ్రహ కిరణం రాష్ట్రాల గీతలను చూడదు. విజయవాడ కార్యక్రమాల సప్తగిరి, హైదరాబాదు కార్యక్రమాల యాదగిరి బరంపురంలోనూ మహారాష్ట్రలోని బళ్ళార్‌పూర్‌లోనూ ఒకే డిష్‌కు అందుతాయి. ఫ్రీ డిష్‌లో అవి కనిపించకపోతే బాక్స్ రకం చూడాలి. ఫ్రీ డిష్ బొమ్మను కుదించి పంపే ఎంపెగ్-2, ఎంపెగ్-4 అనే రెండు పద్ధతుల్లో ప్రసారం చేస్తుంది. పాత ఎంపెగ్-2 బాక్స్‌కు రెండో పద్ధతి చానళ్ళు తెలియవు. డిష్‌ను ఎంత తిప్పినా అవి రావు, బాక్స్ మార్చాల్సిందే. కొత్త బాక్స్ ఉన్నా అప్పుడప్పుడూ చానళ్ళను మళ్ళీ వెతికించాలి.

ప్రైవేటు తెలుగు చానళ్ళ కోసం ఫ్రీ డిష్ మీద ఆశ పెట్టుకోవడం సరికాదు. అందులో ప్రైవేటు చోట్లు వేలంలో అమ్ముడవుతాయి, వాటిలో ఎక్కువ హిందీ చానళ్ళవే. చందా డీటీహెచ్‌లో ఇబ్బంది వేరు. ఒడిశా చిరునామాతో కనెక్షన్ తీసుకుంటే ముందు చూపించేది ఒడియా ప్యాకేజీ. తెలుగు చానళ్ళ సిగ్నల్ అదే డిష్ మీద పడుతూనే ఉంటుంది, బాక్స్‌లోని కార్డుకు అనుమతి లేక అది వాటిని చూపదు. 2019 నుంచి అమల్లో ఉన్న ట్రాయ్ (టెలికాం నియంత్రణ సంస్థ) నిబంధనల ప్రకారం చానళ్ళను విడివిడిగా ఎంచుకునే హక్కు చందాదారుకు ఉంది. తెలుగు ప్యాకేజీ ఈ ఊరికి లేదు అన్న మాట డీలరు నోట వస్తే, కస్టమర్ కేర్‌లో నేరుగా చానల్ పేరు చెప్పి అడగటం ఉత్తమం.

నేల తరంగాలు మళ్ళీ వస్తే

సిమ్, ఇంటర్నెట్ లేకుండా ఫోన్‌కే టీవీ పంపే డైరెక్ట్ టు మొబైల్ పద్ధతిని ఢిల్లీ కర్తవ్య పథ్, నోయిడా, బెంగళూరుల్లో ప్రయోగాత్మకంగా పరీక్షించారు. అది టవర్ల నుంచి, యూహెచ్ఎఫ్ తరంగాల మీద నడిచే పద్ధతి. మైదానపు నగరాల్లో బాగా పనిచేసినంత మాత్రాన తూర్పు కనుమల్లో అలాగే పనిచేస్తుందని చెప్పలేం. పొట్టి తరంగాలు కొండ మీద తక్కువ వంగుతాయి, చేతిలోని ఫోన్‌కు డాబా యాంటెన్నా అంత చెవి కూడా ఉండదు. గుణుపురం, రాయగడ లోయల్లో అది అందాలంటే దూరాన ఒక పెద్ద టవర్ చాలదు, లోయకో చిన్న రిలే టవర్ కావాలి. అవి ఏ కొండ మీద పెడతారు, వాటి మీద ఒడియాతో పాటు తెలుగూ పంపుతారా అన్న రెండు ప్రశ్నలూ 1980ల నాటివే, మళ్ళీ ఎదురవుతాయి.